నట్టు బిగిస్తే బ్రేకు బాగుపడినట్టేనా? బైకు వెనక బ్రేకు లోపాల మూలం ఎక్కడుంది

క్లుప్తంగా: వెనక బ్రేకు పడటం లేదనగానే రాడ్డు చివరి నట్టును రెండు చుట్లు తిప్పడం అందరికీ అలవాటు. డ్రమ్ బ్రేకులో డ్రమ్మును రాసి చక్రాన్ని ఆపే పొర, అంటే లైనరు, మామూలుగా అరిగినంత మేరకు అది సరైన పనే. లైనరు హద్దు దాటి అరిగినా, లైనరును డ్రమ్ముకు అదిమే క్యామ్ ఎండిపోయినా, డ్రమ్ములోకి నీరో గ్రీజో చేరినా నట్టు ఆ లోపాన్ని దాచిపెడుతుంది, తీర్చదు. డిస్కు బ్రేకులో ఆ నట్టే ఉండదు. అక్కడ పెడల్ మెత్తబడిందా, మెల్లగా కిందికి జారుతోందా, చక్రం వేడెక్కుతోందా అన్నదాన్ని బట్టి లోపం ఎక్కడుందో తెలుస్తుంది.

తొలకరి పడగానే హైదరాబాద్ మెకానిక్ షెడ్ల ముందు తరచూ వినిపించే మాట "వెనక బ్రేక్ పడ్తలేదన్నా". పానా తీసి నట్టు తిప్పడం, కాలితో ఒకసారి తొక్కి చూడటం, పంపించేయడం రెండు నిమిషాల పని. పది రోజులకు అదే బండి మళ్లీ వస్తుంది. ఈసారి చక్రం బిగుసుకుందనో, కీచుమంటోందనో ఫిర్యాదు. రెండూ వేర్వేరు జబ్బులుగా కనిపిస్తాయి కానీ చాలాసార్లు మొదటిదానికి చేసిన వైద్యమే రెండోదానికి కారణం.

ఈ నగరంలో కుడికాలికి పని ఎక్కువ

బండిని ఆపే బలంలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. అయినా హైదరాబాద్ దారుల మీద వెనక బ్రేకు వాడకం తక్కువేమీ కాదు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ రాతి గుట్టల మీద వేసిన ఎత్తుపల్లాల రోడ్లు. ఎక్కుడులో సిగ్నల్ దగ్గర ఆగితే బండి వెనక్కి జారకుండా పట్టుకోవాలి, పచ్చలైటు పడగానే యాక్సిలరేటర్ తిప్పాలి. ముందు బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ కుడిచేతిలోనే ఉంటాయి కాబట్టి బండిని పట్టి ఉంచే పని కాలి మీద పడుతుంది. సిగ్నళ్లు తీసేసి యూటర్న్‌లు పెట్టిన చోట్ల హ్యాండిల్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా మళ్లాలి. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పడితే బండి పక్కకు ఒరిగిపోతుంది. అందుకే అక్కడా వెనక బ్రేకే ఆధారం.

ఇక అమీర్‌పేట, కూకట్‌పల్లి లాంటి చోట్ల గంటల తరబడి అడుగడుగునా ఆగుతూ కదలడంలో చాలామంది పాదం పెడల్ మీదే ఉండిపోతుంది. నొక్కుతున్నట్టు నడిపేవారికి తెలియదు. లోపల లైనరు మాత్రం డ్రమ్మును రాస్తూనే ఉంటుంది. వేడి, అరుగుదల, పెట్రోలు ఖర్చు మూడూ పెరుగుతాయి. వెనక బల్బు ఆరకుండా వెలుగుతూ ఉండటం వల్ల వెనక వచ్చేవారికి బండి నిజంగా ఎప్పుడు ఆగుతోందో అర్థం కాదు.

బరువు ముందుకు జరిగితే ఏమవుతుంది

వెనక బ్రేకు ఎంత బాగున్నా దానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు తెలియకపోతే బాగున్న బ్రేకును కూడా పాడైందని అనుకునే ప్రమాదం ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదికి జరుగుతుంది. ఉదాహరణకు బండి, నడిపే మనిషి కలిసి 200 కిలోలు, రెండు చక్రాల మీద చెరి సగం అనుకుందాం. చక్రాల మధ్య దూరం 1.3 మీటర్లు, గురుత్వ కేంద్రం ఎత్తు 0.65 మీటర్లు. గురుత్వ త్వరణంలో సగం బలంతో వేగం తగ్గిస్తే 50 కిలోల భారం వెనక నుంచి ముందుకు మారుతుంది. ముందు చక్రం మీద 150, వెనక చక్రం మీద 50 మిగులుతాయి. 50 కిలోల భారమే ఉన్న టైరు రోడ్డును ఎంతని పట్టుకోగలదు? కాస్త గట్టిగా తొక్కితే చక్రం లాక్ అయి జారుతుంది.

వెనక మరొకరు కూర్చుంటే లెక్క మారుతుంది. మొత్తం 270 కిలోలై, అందులో 160 వెనక చక్రం మీద ఉండి, గురుత్వ కేంద్రం 0.7 మీటర్లకు లేస్తే, అదే బలంతో ఆపినప్పుడు వెనక దాదాపు 87 కిలోల భారం మిగులుతుంది. ఇద్దరు ఎక్కితే వెనక బ్రేకు ఎక్కువ పని చేయగలదు, చేయాల్సి వస్తుంది కూడా. ఒంటరిగా వెళ్లినప్పుడు బాగానే అనిపించిన బ్రేకు, భార్యాపిల్లలతో బయల్దేరినప్పుడు చాలడం లేదనిపిస్తే ఆ తేడాను తేలిగ్గా తీసుకోకూడదు. అరిగిన లైనరు లోటు బయటపడేది అలాంటప్పుడే.

డ్రమ్ములో నట్టు దాచే సంగతి

తక్కువ సీసీ బైకుల్లో వెనక ఎక్కువగా ఉండేది డ్రమ్ బ్రేకే. పెడల్ తొక్కితే రాడ్డు ముందుకు లాగుతుంది. రాడ్డు బ్రేక్ ఆర్మ్‌ను, ఆర్మ్ క్యామ్‌ను తిప్పుతాయి. క్యామ్ తిరిగి లైనరు అతికించిన రెండు బ్రేక్ షూలను విడదీసి డ్రమ్ము లోపలి గోడకు అదుముతుంది. కాలు తీయగానే స్ప్రింగులు షూలను వెనక్కి లాగుతాయి. రెండు షూలలో చక్రం తిరిగే దిశలోనే ఒత్తుకునే షూను ఆ తిరుగుడే డ్రమ్ము వైపు ఇంకాస్త లాక్కుంటుంది. ఎక్కువ పని దానిదే. రెండు లైనర్లు సమానంగా అరగకపోవడం అందుకే, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు.

లైనరు అరిగినకొద్దీ షూ మరింత దూరం జరగాలి, అంటే క్యామ్ మరింత తిరగాలి. పెడల్ కిందికంటా దిగుతుంది. నట్టు బిగిస్తే ఆర్మ్ ముందే కొంత తిరిగిన స్థితిలో ఆగుతుంది కాబట్టి పెడల్ మళ్లీ పైనే పడుతుంది. కాలికి బ్రేకు బాగుపడినట్టే ఉంటుంది. లోపల లైనరు మాత్రం ఎంత సన్నబడిందో అంతే సన్నగా ఉంది.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. బ్రేకు పడే క్షణంలో రాడ్డుకు ఆర్మ్ ఇంచుమించు లంబకోణంలో ఉంటేనే లాగే బలం పూర్తిగా అందుతుంది. బిగిస్తూ పోతే ఆ కోణం 90 డిగ్రీలు దాటిపోతుంది. 120 డిగ్రీల దగ్గర లాగుడులో సుమారు 13 శాతం, 135 డిగ్రీల దగ్గర దాదాపు 30 శాతం వృథా. తొక్కినంత బలం చక్రానికి చేరదు, ఇంకా గట్టిగా తొక్కాల్సి వస్తుంది, మళ్లీ బిగించాలనిపిస్తుంది. అంతకంటే ప్రమాదం మరొకటి ఉంది. లైనరు పూర్తిగా అరిగితే క్యామ్ దాదాపు అడ్డంగా తిరిగిపోతుంది. ఆ స్థితిలో షూలు క్యామ్ మీద ఇరుక్కుంటే స్ప్రింగులకు వెనక్కి లాగే శక్తి చాలదు. నడుస్తున్న బండి వెనక చక్రం పట్టేస్తుంది. బ్రేకు పడకపోవడం, వదలకపోవడం రెండూ ఒకే అరుగుదల నుంచి రావచ్చు.

దీన్ని ముందే చూపడానికి చాలా బైకుల్లో ఒక గుర్తు ఉంటుంది. ఆర్మ్ మొదట్లో చిన్న బాణం, బ్రేక్ ప్లేటు (షూలు అమర్చి ఉండే, డ్రమ్మును మూసే పళ్లెం) మీద ఒక గీత. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు బాణం గీతను చేరితే షూలు మార్చాల్సిందే, నట్టులో ఇంకా ఎన్ని మరలు మిగిలి ఉన్నా సరే. చాలా మోడళ్లలో కొత్త లైనరు మందం 4 మిల్లీమీటర్లు, హద్దు 2 మిల్లీమీటర్లు. కొన్నిచోట్ల రాడ్డు అందకపోతే ఆర్మ్‌ను ఊడదీసి, క్యామ్ మీది గాట్లలో ఒక పన్ను వెనక్కి జరిపి తొడుగుతారు. పెడల్ అద్భుతంగా పైకొస్తుంది. బాణం ఆర్మ్ మీదే ఉన్న బండిలో ఆ ఒక్క పన్నుతో హెచ్చరిక గుర్తు అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. బండి కొన్నవారికి ఆ సంగతి ఎవరూ చెప్పరు. క్యామ్ చివర, ఆర్మ్ మీద ఉండే పంచ్ చుక్కలు ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూస్తే ఇది తెలిసిపోతుంది. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఈ చుక్కలను తప్పక చూడాలి.

చైను బిగించాక బ్రేకు ఎందుకు పట్టేస్తుంది

బ్రేకు బాగానే ఉండి, చైను టైట్ చేయించిన రోజు నుంచే బండి బరువుగా లాగుతోందన్న ఫిర్యాదు చాలా మామూలు. కారణం సులువు. చైను బిగించడమంటే వెనక చక్రాన్ని వెనక్కి జరపడం. చక్రంతో పాటు బ్రేక్ ఆర్మ్ కూడా పెడల్‌కు దూరమవుతుంది. రాడ్డు పొడవు మారదు. అంటే ఎవరూ నట్టు ముట్టుకోకుండానే బ్రేకు బిగుసుకుంది. చైను పని అయ్యాక బ్రేకు ప్లేను, అంటే పెడల్ వదులుగా కదిలే దూరాన్ని, మళ్లీ సరిచేయడం ఆ పనిలో భాగమే. పెడల్ చివర బ్రేకు తగిలేలోపు 20 నుంచి 30 మిల్లీమీటర్లు వదులుగా కదలాలని చాలా డ్రమ్ బైకులకు కంపెనీలు చెబుతాయి. ఒక వేలి వెడల్పు దాటి, రెండు వేళ్ల లోపు. కచ్చితమైన అంకె ఆ బండి పుస్తకంలో ఉంటుంది.

యాక్సిల్ నట్టు చివరిగా బిగించేటప్పుడు బ్రేకు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకోవడం మంచి మెకానిక్‌ల అలవాటు. షూలు డ్రమ్ముకు నడిమధ్యన సర్దుకుంటాయి. ఈ చిన్న పని వదిలేస్తే కొత్త షూలు వేసినా ఒక పక్కే రాస్తాయి.

చక్రం విప్పి చూస్తే

బ్రేక్ ప్లేటు బయటికి తీయగానే ముందు కనిపించేది బూడిదరంగు పొడి. దాన్ని నోటితో ఊదడం, గాలి గన్నుతో కొట్టడం ఊపిరితిత్తులకు చేటు. తడిబట్టతో తుడవాలి. తర్వాత లైనరు ముఖం చూడాలి. ఆరోగ్యంగా ఉంటే మసక నలుపులో, కాస్త గరుకుగా ఉంటుంది. అద్దంలా మెరుస్తుంటే వేడికి పైపొర గట్టిపడినట్టు. పెడల్ గట్టిగా ఉన్నా బండి ఆగదు, కీచుమంటుంది. మందం మిగిలి ఉంటే ఎమరీ కాగితంతో పైపొర తీసి మళ్లీ వాడుకోవచ్చు. నల్లగా, జిడ్డుగా, వేలికి అంటుకుంటుంటే గ్రీజో నూనో తాగినట్టు. తుడిచి లాభం లేదు, వేడెక్కినప్పుడల్లా లోపలి జిడ్డు పైకి వస్తుంది. ఆ షూలు పారేయాలి. జిడ్డు ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టకపోతే కొత్తవీ అదే దారి పడతాయి. సాధారణంగా అది బేరింగు నుంచి కారిన గ్రీజో, క్యామ్‌కు అతిగా పూసిన గ్రీజో అయి ఉంటుంది.

కీచు శబ్దం పోవాలని బయటి నుంచి నూనె స్ప్రే కొట్టేవారున్నారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, శబ్దంతో పాటు బ్రేకూ పోతుంది.

క్యామ్ సంగతికి వస్తే, రాడ్డు నట్టు విప్పేసి ఆర్మ్‌ను చేత్తో తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే క్యామ్ షాఫ్టు తుప్పు పట్టిందనో ఎండిపోయిందనో అర్థం. షాఫ్టు తీసి, తుప్పు గీకి, వేడిని తట్టుకునే గ్రీజు పలచగా రాయాలి. పెసరగింజంత చాలు. ఎక్కువైతే కరిగి లైనరు మీదికే పోతుంది. డ్రమ్ము లోపలి వ్యాసానికీ హద్దుంది. చాలా హబ్‌ల (చక్రం నడిమి భాగం) మీద ఆ అంకె పోతపోసి ఉంటుంది, 130 మిల్లీమీటర్ల డ్రమ్ముకు సాధారణంగా 131. అది దాటితే కొత్త షూలు కూడా సరిగా ఆనవు. పెడల్ కాలికింద లయగా కొట్టుకుంటే డ్రమ్ము గుండ్రం తప్పిందని అనుమానించాలి. స్పోకుల చక్రంలో స్పోకులు ఒక పక్క అతిగా బిగించినా ఇలా జరగవచ్చు.

బిగించే ముందు తప్పనిసరిగా చూడాల్సింది బ్రేక్ ప్లేటును స్వింగ్ ఆర్మ్‌కు (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రపు చేయి) కట్టి ఉంచే పట్టీని. బ్రేకు పడినప్పుడు ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోకుండా ఆపేది అదే. దాని నట్టు, స్ప్లిట్ పిన్ను లేకుండా తిరిగే బళ్లు లేకపోలేదు. ఆ పట్టీ ఊడితే బ్రేకు తొక్కగానే ప్లేటు గిర్రున తిరిగి రాడ్డును మెలిపెట్టి చక్రాన్ని ఆపేస్తుంది. పిన్ను ఖరీదు ఎంత చిన్నదో, అది లేకపోతే జరిగే నష్టం అంత పెద్దది.

వానలో, వాన తర్వాత

మలక్‌పేట రైల్వే వంతెన కింద నీళ్లు నిలిచిన రోజున అందులోంచి దాటి వచ్చిన బైకుకు డ్రమ్ బ్రేకు వెంటనే పడదు. లైనరుకీ డ్రమ్ముకీ మధ్య నీటిపొర ఉంటుంది. డిస్కు బయటికి ఉంటుంది కాబట్టి కొన్ని చుట్లలోనే నీటిని విసిరేస్తుంది. డ్రమ్ము మూతపెట్టిన గిన్నె లాంటిది, వెళ్లిన నీరు అంత తేలిగ్గా రాదు. నెమ్మదిగా నడుపుతూ బ్రేకును తేలిగ్గా తొక్కి పట్టుకుంటే ఆ వేడికి ఆరుతుంది. 2020 అక్టోబరు వరదల్లోలాగా హబ్ మునిగేంత నీటిలో బండి గంటల తరబడి నిలబడితే మాత్రం ఈ ఉపాయం చాలదు. చక్రం విప్పి డ్రమ్ము, క్యామ్, బేరింగులు అన్నీ చూడాలి.

వాటర్ వాష్ చేయించి వారం పాటు కదపకుండా పెట్టినా ఇదే ఇబ్బంది. డ్రమ్ము గోడకు పట్టిన తుప్పు లైనరును అతికించేస్తుంది, చక్రం కదలనంటుంది. కడిగాక ఒక రౌండు తిప్పి బ్రేకు ఆరబెట్టి నిలిపితే ఆ బాధ ఉండదు. ప్రెషర్ పంపును హబ్ అంచుకు గురిపెట్టి కొట్టనీయకూడదు.

డిస్కు ఉంటే లెక్క వేరు

డిస్కులో అరిగిన ప్యాడ్ల లోటును పిస్టనే ముందుకు జరిగి పూడ్చుకుంటుంది. కాబట్టి ప్యాడ్లు అరిగినా పెడల్ ఎత్తు పెద్దగా మారదు. డ్రమ్ములో లాగా కాలు హెచ్చరించదు, కంటితోనే చూడాలి. ప్యాడ్ మీది గాడి మాయమైనా, మందం 1 మిల్లీమీటరుకు దిగినా మార్చాలి. ఇనుము ఇనుముకు రాసే శబ్దం వచ్చేదాకా ఆగితే డిస్కు కూడా పోతుంది.

పెడల్ స్పాంజిలా మెత్తగా ఉండి, రెండు మూడుసార్లు పంపు చేస్తే గట్టిపడితే బ్రేకు ద్రవం వెళ్లే లైనులో గాలి ఉంది. బయట ఎక్కడా కారకుండా, తొక్కి పట్టుకున్నప్పుడు పెడల్ మెల్లగా కిందికి జారితే పెడల్ తొక్కితే ద్రవాన్ని లైనులోకి తోసే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు అరిగింది. కిట్టు మార్చాలి, ఎన్నిసార్లు గాలి తీసినా ఉపయోగం లేదు. పొద్దున బాగుండి, ట్రాఫిక్‌లో చాలాసేపు నడిపాక ఒక్కసారిగా పెడల్ పడిపోయి, చల్లారాక తిరిగొస్తే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వచ్చినట్టు.

"బ్రేక్ ఆయిల్" అన్న వాడుక మాటే ఇక్కడ మోసం చేస్తుంది. డాట్ 3, డాట్ 4 రకాలు నూనె కావు, గ్లైకాల్ ఆధారిత ద్రవాలు. గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 మరిగే వేడి కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ చేరాక లెక్కలోకి తీసుకునే కనీస అంకె 155 డిగ్రీలు. మధ్యనున్న 75 డిగ్రీలు తేమ తినేసిన రక్షణ. రెండేళ్లకోసారి మార్చమనడానికి కారణం ఇదే. ఆయిల్ అన్నారు కదా అని ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి మొత్తం బ్రేకు జామ్ అవుతుంది. డాట్ 5 సిలికాన్ రకం, అంకె పెద్దదని దాన్ని డాట్ 4లో కలపకూడదు. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

డిస్కు వదలకుండా పట్టేస్తుంటే కాలిపర్‌ను (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) నిందించే ముందు ఒక పరీక్ష ఉంది. చక్రం పట్టేసి ఉన్నప్పుడే కాలిపర్ మీద గాలి తీయడానికి ఉండే బ్లీడ్ నిపుల్ కొద్దిగా వదులు చేయాలి. ద్రవం చిమ్మి చక్రం ఫ్రీ అయితే ఒత్తిడి లైనులో చిక్కుకుంది. లోపం పైన, మాస్టర్ సిలిండర్ వైపు ఉంది. ద్రవం వచ్చినా చక్రం అలాగే ఉంటే పిస్టన్ గానీ, కాలిపర్ జారే పిన్నులు గానీ తుప్పు పట్టాయి. మొదటి సందర్భంలో చాలాసార్లు పెడల్‌కు ప్లే లేకపోవడమే కారణం. మాస్టర్ సిలిండర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తేనే ద్రవం డబ్బాలోకి తిరిగివెళ్లే చిన్న రంధ్రం తెరుచుకుంటుంది. పెడల్ పైకి కావాలని, ఆ పిస్టన్‌ను తోసే పుష్ రాడ్డు బిగిస్తే ఆ రంధ్రం మూసుకుపోతుంది. వేడికి వ్యాకోచించిన ద్రవానికి వెళ్లే చోటు లేక ప్యాడ్ల మీదే ఒత్తుతుంది. ఇంకా వేడి, ఇంకా ఒత్తిడి. డ్రమ్ములో నట్టు చేసే పనే ఇక్కడ పుష్ రాడ్డు చేస్తోంది.

సీబీఎస్, ఏబీఎస్ ఉన్న బళ్లు

2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త ద్విచక్ర వాహనాలకు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు), ఆ లోపు వాటికి కనీసం సీబీఎస్ తప్పనిసరి చేశారు. సీబీఎస్ బైకులో వెనక పెడల్ తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. పాత బండిలో లాగా వెనక నట్టు ఒక్కటే తిప్పేస్తే ముందూ వెనకల పంపకం తప్పుతుంది. రెండింటి సర్దుబాటూ కంపెనీ చెప్పిన వరుసలోనే జరగాలి. ఏబీఎస్ అని స్టిక్కరు ఉన్నంత మాత్రాన వెనక చక్రం లాక్ కాదనుకోవడమూ పొరపాటే. సింగిల్ చానెల్ రకంలో ఆ రక్షణ ముందు చక్రానికే.

విడిభాగాలు, పని పూర్తయ్యాక పరీక్ష

రాణిగంజ్, పుత్లీబౌలి దుకాణాల్లో అన్ని ధరల షూలూ దొరుకుతాయి. చవకరకంలో అసలు భయం తొందరగా అరగడం కాదు, అతికించిన లైనరు షూ నుంచి ఊడి డ్రమ్ములో చిక్కుకోవడం. వేయించుకునే ముందు లైనరు అంచును గోటితో గీరి, అతుకులో సందు ఉందేమో చూడటం మంచిది. కొత్త షూల ముఖం డ్రమ్ముకు పూర్తిగా సర్దుకోవడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది. అప్పటిదాకా బ్రేకు కాస్త తక్కువ పడుతుంది. ఆ తక్కువను చూసి మళ్లీ నట్టు బిగించకూడదు.

పని అయ్యాక బండిని సెంటర్ స్టాండ్ మీద న్యూట్రల్‌లో పెట్టి చక్రం చేత్తో తిప్పాలి. రాపిడి శబ్దం లేకుండా ఒకటి రెండు చుట్లు తిరగాలి. పెడల్ నెమ్మదిగా నొక్కుతూ, బ్రేకు తగలడానికి కాస్త ముందే వెనక లైటు వెలుగుతోందో లేదో ఇంకొకరిని చూడమనాలి. ప్లే మారితే లైటు స్విచ్చి కూడా సర్దాల్సి ఉంటుంది, మెకానిక్‌లు ఎక్కువగా మరిచిపోయేది దాన్నే. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద, నడక వేగంలో రెండుసార్లు ఆపి చూసి, నాలుగైదు కిలోమీటర్లు పెడల్ మీద కాలు పెట్టకుండా నడిపి ఆగాలి. హబ్ మీదో డిస్కు మీదో నాలుగు నీటిచుక్కలు చల్లితే చుయ్యిమని ఆవిరైపోతే బ్రేకు ఇంకా పట్టే ఉందన్నమాట. చెయ్యి పెట్టి చూడొద్దు, కాలుతుంది. చుక్కలు అలాగే నిలిచి కిందికి జారితే ఇక బండిని ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లవచ్చు.